అనుభవం ఉన్నా చోటు కొత్తే: ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితం చెప్పే పాఠం

మా ఖాలా కూతురు స్టాఫ్ నర్సు. పన్నెండేళ్ల సర్వీసు. శ్రీకాకుళం వైపు ఒక ఆసుపత్రిలో చాలాకాలం చేసి, ఇల్లు మారడంతో విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. చేరిన మొదటి రోజే నైట్ డ్యూటీ వేశారు. అనుభవం ఉన్న సిస్టరే కదా, కొత్తగా చెప్పాల్సింది ఏముంది అనుకున్నారు. అర్ధరాత్రి దాటాక ఒక పెద్దాయనకి ఊపిరి అందలేదు. ఏం చెయ్యాలో ఆపాకి బాగా తెలుసు. కానీ ఆక్సిజన్ సిలిండర్ తిప్పే తాళం అక్కడ ఎక్కడ పెడతారో తెలీదు. డ్యూటీ డాక్టర్‌ని ఏ నంబర్‌కి పిలవాలో తెలీదు. ఒక వార్డుబాయ్ పరుగున వచ్చి చూపించాడు. పెద్దాయన బతికారు, అల్హమ్దులిల్లాహ్. తెల్లారాక మాత్రం మాట పడింది ఆపాకే. అదేటి, ఇన్నేళ్లు చేసి ఇది కూడా తెలీదా అని ఇన్‌చార్జి అందరి ముందు అనేశారు.

ఆ సంగతి మా ఇంట్లో చెప్పి ఆపా ఏడ్చింది. ఆమె చేతుల్లో తప్పేమీ లేదు, అయినా తప్పు చేసినదానిలా తల దించుకుని కూర్చుంది. నేను బీకాం చదివినవాణ్ణి, ఆసుపత్రి పని నాకు తెలీదు. కానీ అప్పట్నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పని వచ్చినవాళ్లకి కూడా పని నేర్పాలా? నేర్పాల్సి వస్తే ఏం నేర్పాలి? ఎవరు నేర్పాలి?

మన ఇళ్లలో నర్సింగ్ మాట వస్తే హజ్రత్ రుఫైదా (రజి) గుర్తొస్తారు. మదీనాలో ఆమె గుడారం వేసి గాయపడినవాళ్లకి సేవ చేసిన సంగతి, ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ (రజి)ని ఆ గుడారానికే చేర్చిన సంగతి పిల్లలకి చెప్తుంటాం. ఇక ఆసుపత్రుల్లో ప్రతి మే 12న ఫొటోకి దండ వేసేది మాత్రం ఫ్లోరెన్స్ నైటింగేల్‌కి. చేతిలో దీపంతో వార్డుల్లో తిరిగిన తల్లిగా ఆమె అందరికీ తెలుసు. ఆమె జీవితం చదువుతుంటే నాకు ఆ దీపం కంటే ఇంకో విషయం పెద్దదిగా కనిపించింది. మా ఆపాకి ఎదురైన చిక్కే ఆమెకీ ఎదురైంది, అదీ ఒక్కరితో కాదు, 38 మందితో.

పెద్దింటి అమ్మాయి

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. ఊరి పేరే ఆమె పేరు అయింది. ఇంగ్లండ్‌లో బాగా డబ్బున్న కుటుంబం. తండ్రి దగ్గరుండి భాషలు, చరిత్ర, తత్వశాస్త్రం చదివించారు. లెక్కలంటే ఆమెకి ప్రాణం. 16 ఏళ్ల వయసులోనే దేవుడు తనని ఏదో సేవకి పిలిచాడని ఆమెకి గట్టిగా అనిపించింది. ఆ సేవ రోగులదని అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో లండన్ ఆసుపత్రుల్లో నర్సు ఉద్యోగం గౌరవం ఉన్న పని కాదు. ఎక్కువమంది చదువు లేని పేద ఆడవాళ్లు, కొందరికి తాగుడు అలవాటు. పెద్దింటి అమ్మాయి అలాంటి చోటికి వెళ్లడమేంటని తల్లి, అక్క గొడవపడ్డారు. మన దగ్గర కూడా ఒకప్పుడు కూతుర్ని నర్సింగ్‌కి పంపుతామంటే బంధువులు ఏమన్నారో చాలా కుటుంబాలకి తెలుసు. నైటింగేల్ ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. ఆసుపత్రుల నివేదికలు తెప్పించుకుని తెల్లవారుజామున చదివి నోట్స్ రాసుకునేవారు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట సుమారు మూడు నెలలు శిక్షణ పొందారు.

1853 ఆగస్టులో లండన్ హార్లీ స్ట్రీట్‌లో, జబ్బుపడిన ఆడవాళ్ల కోసం నడిచే చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయ్యారు. అక్కడ ఆమె రోగుల మంచాల కంటే ముందు మెట్లు చూశారు. నర్సులు వేడినీళ్ల కోసం, భోజనాల కోసం రోజంతా కిందికీ పైకీ తిరుగుతున్నారు. ప్రతి అంతస్తుకీ వేడినీళ్లు గొట్టాల్లో రావాలని, భోజనం పైకి లాగే లిఫ్ట్ ఉండాలని పట్టుబట్టారు. ఒక మతం వాళ్లనే చేర్చుకుంటామని కమిటీ అంటే, అన్ని మతాల రోగులనీ తీసుకోవాల్సిందే, లేకపోతే నేను ఉండను అని తేల్చేశారు. ఖర్చుల లెక్క ఎప్పటికప్పుడు కమిటీ ముందు పెట్టేవారు. నర్సు పని బాగుండాలంటే నర్సు మంచిదైతే సరిపోదు, పనిచేసే చోటు కూడా సరిగ్గా ఉండాలన్న ఆలోచన ఆమెలో అప్పుడే మొదలైంది.

ఇస్తాంబుల్ గుమ్మంలో

1853లో ఉస్మానియా సల్తనత్‌కీ రష్యాకీ యుద్ధం వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్, ఫ్రాన్స్ తుర్కుల వైపు దిగాయి. దీన్నే క్రిమియా యుద్ధం అంటారు. గాయపడిన బ్రిటిష్ సైనికులను నల్ల సముద్రం మీదుగా ఇస్తాంబుల్ దగ్గరి ఉస్కుదార్‌కి తెచ్చేవారు. ఇంగ్లీషువాళ్లు ఆ ఊరిని స్కుటారి అనేవారు. అక్కడి సెలీమియే బారక్స్ సుల్తాన్ సైన్యానిది. ఆ పెద్ద భవనాన్నే ఆసుపత్రిగా వాడుకోమని ఇచ్చారు. అక్కడ సైనికులు పడుతున్న అవస్థ లండన్ పత్రికల్లో వచ్చేసరికి జనం మండిపడ్డారు. సైన్య వ్యవహారాలు చూసే మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌కి పాత పరిచయస్తుడు. నర్సుల జట్టుని తీసుకువెళ్లమని ఆమెని అడిగారు.

1854 అక్టోబర్ 21న ఆమె 38 మందితో బయల్దేరారు. అందులో పదిమంది క్యాథలిక్ సన్యాసినులు, 14 మంది ఇంగ్లండ్ చర్చికి చెందిన సిస్టర్లు, 14 మంది ఆసుపత్రుల్లో జీతానికి పనిచేసిన నర్సులు. ఎక్కువమందికి రోగుల సేవ కొత్త కాదు. కొందరైతే ఆమె కంటే ఎక్కువ ఏళ్లు వార్డుల్లో గడిపినవాళ్లు. సెయింట్ థామస్ ఆసుపత్రి నుంచి వచ్చిన మిసెస్ రాబర్ట్స్‌కి ఇరవై ఏళ్లకు పైగా అనుభవం.

నవంబర్ 4న వాళ్లు చేరారు. చేరాక తెలిసింది, అక్కడ వాళ్లు ఎవరికీ అక్కర్లేదని. సైనిక డాక్టర్లకి ఆడవాళ్లు వార్డుల్లోకి రావడం ఇష్టం లేదు. ఉండడానికి ఇచ్చినవి నాలుగైదు ఇరుకు గదులు. నీళ్లు కొలిచి ఇచ్చేవారు. బయట వరండాల్లో సైనికులు నేల మీద పడి ఉన్నారు.

నైటింగేల్ అప్పుడు తీసుకున్న నిర్ణయం ఆమె నర్సులకే నచ్చలేదు. డాక్టర్ పిలిచేదాకా ఒక్కరు కూడా వార్డులోకి అడుగు పెట్టకూడదన్నారు. అందాకా గుడ్డ కట్లు కుట్టండి, చొక్కాలు కుట్టండి, దిండ్లు కుట్టండి అన్నారు. కళ్లెదుట మనుషులు మూలుగుతుంటే చేతనైన పని వదిలి సూది పట్టుకు కూర్చోవడం వాళ్లకి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. కొందరు ఆమెకి మనసు లేదనుకున్నారు.

కానీ ఆమె లెక్క వేరు. సైనిక ఆసుపత్రికి తనదైన పద్ధతి ఉంటుంది. ఎవరి మాట ఎవరు వినాలి, ఏ సరుకు ఎవరి సంతకంతో వస్తుంది, ఏ రోగికి ఏ భోజనం అన్నది ఎవరు రాస్తారు, అన్నీ కొత్తే. లండన్ వార్డులో అలవాటైన చేత్తో ఇక్కడ ఒక్క తప్పు జరిగితే చాలు, మొత్తం జట్టుని వెనక్కి పంపేస్తారు. అందుకే ముందు చోటు తెలుసుకోవాలి, నమ్మకం సంపాదించాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి అనుకున్నారు. వాళ్లు దిగిన మరుసటి రోజే ఇంకర్మన్ యుద్ధం జరిగింది. కొద్దిరోజుల్లో ఓడల నిండా గాయపడినవాళ్లు వచ్చి పడ్డారు. డాక్టర్లకి చేతులు చాల్లేదు, అప్పుడు వాళ్లే వచ్చి నర్సులను పిలిచారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆ నర్సులకి ఇచ్చిన యూనిఫాం టోపీ తనకి నప్పలేదని ఒక నర్సు పెద్ద గొడవ చేసింది. ఈ టోపీ సంగతి ముందే తెలిస్తే ఇంత దూరం వచ్చేదాన్నే కాదని వాపోయింది. నైటింగేల్ దీన్ని ఉత్తరంలో నవ్వుతూనే రాశారు గానీ, నాకు మాత్రం అందులో నవ్వు కంటే ఎక్కువ కనిపించింది. ఏళ్ల తరబడి ఒక చోట గౌరవంగా పనిచేసిన మనిషి కొత్త చోటికొచ్చి మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టాల్సి వస్తే, ఆ బాధ ఏదో ఒక టోపీ మీద బయటపడుతుంది.

అందరూ నిలబడలేదు. తాగుడు వల్ల, క్రమశిక్షణ లేక కొందరిని వెనక్కి పంపాల్సి వచ్చింది. నిలబడ్డవాళ్లలో మిసెస్ రాబర్ట్స్ ముందు వరసలో ఉన్నారు. గాయాలకి కట్టు కట్టడంలో ఆమె చెయ్యి డాక్టర్ల కంటే మెరుగని నైటింగేల్ మెచ్చుకున్నారు. 1855 మేలో నైటింగేల్ క్రిమియాకి వెళ్లి జ్వరంతో చావు దాకా వెళ్లినప్పుడు పక్కనే ఉండి చూసుకున్నదీ రాబర్ట్సే. అనుభవం ఉన్న మనిషికి చోటు చూపించి గౌరవమిస్తే ఆ అనుభవం ఎంత పనిచేస్తుందో ఆమె చూపించారు.

ఆమె చేసిన పొరపాట్లు

నైటింగేల్‌ని దేవతగా చూపించే కథల్లో ఈ భాగం ఉండదు. 1854 డిసెంబర్‌లో మేరీ స్టాన్లీ అనే స్నేహితురాలి వెంట మరో నలభైకి పైగా ఆడవాళ్లు స్కుటారి వచ్చారు. తను అడక్కుండా ఎవరినీ పంపవద్దని నైటింగేల్ ముందే చెప్పి ఉన్నారు. ఆమెకి ఒళ్లు మండింది. ఉండడానికి చోటు లేదు, చెప్పి చూపించడానికి సమయం లేదు అని వాళ్లని తీసుకోనన్నారు, రాజీనామా చేస్తానన్నారు. తర్వాత కొందరిని తీసుకున్నారు, కొందరు వేరే ఆసుపత్రులకి వెళ్లారు. ఆ స్నేహం మళ్లీ అతకలేదు. ఆమె భయంలో న్యాయం ఉంది. ఒకేసారి అంతమంది కొత్తవాళ్లు దిగితే నేర్పేవాళ్లు చాలరు. కానీ సేవ చేద్దామని సముద్రాలు దాటి వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ఆ మాట వినాల్సి వచ్చింది.

ఇంకో పేరు కూడా చెప్పాలి. జమైకాకి చెందిన మేరీ సీకోల్. కింగ్‌స్టన్‌లోనూ పనామాలోనూ కలరా రోగులను చూసిన మనిషి. నర్సుగా పంపమని లండన్‌లో ఆమె ఎన్నో తలుపులు తట్టారు. అప్పటికే నైటింగేల్ స్కుటారి బయల్దేరిపోయారు, కాబట్టి ఆ తిరస్కారం ఆమెది కాదు. సీకోల్ సొంత డబ్బుతో క్రిమియా వెళ్లి, బాలక్లావా దగ్గర హోటల్ లాంటిది నడుపుతూ సైనికులకి మందు, అన్నం పెట్టారు. తర్వాత కాలంలో ఒక ఉత్తరంలో నైటింగేల్ సీకోల్ గురించి తక్కువ చేసి రాశారు. రంగు వల్లే తనని తీసుకోలేదేమోనని సీకోల్ అనుమానం. చేతిలో ఉన్న అనుభవాన్ని గుర్తించకుండానే తలుపు మూసేసే చోట్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

భవనం కింద ఉన్న జబ్బు

1854-55 చలికాలంలో స్కుటారిలో చావులు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో చేర్చుకున్నవాళ్లలో నూటికి 42 మందికి పైగా చనిపోయారు. నర్సులు రాత్రింబవళ్లు కష్టపడ్డారు. వంట బాగుపడింది, బట్టలు ఉతికే ఏర్పాటు వచ్చింది. అయినా మనుషులు కలరా, విరేచనాలు, జ్వరాలతో పోతూనే ఉన్నారు. మార్చిలో లండన్ నుంచి పారిశుద్ధ్య కమిషన్ వచ్చి చూస్తే, భవనం కింద మురుగు కాల్వలు నిండిపోయి ఉన్నాయి, నీళ్లు కలుషితం అవుతున్నాయి. కాల్వలు శుభ్రం చేయించారు, గాలి వచ్చేలా చేశారు. కొన్ని నెలల్లో మరణాలు నూటికి రెండు దాకా పడిపోయాయి.

1856 ఆగస్టులో ఇంటికి తిరిగొచ్చాక ఆమె విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని ఈ అంకెలన్నీ తిరగేశారు. అప్పుడుగానీ పూర్తిగా తెలియలేదు, తుపాకీ గుళ్ల కంటే జబ్బులే ఎక్కువమందిని చంపాయని, తన కళ్లెదుట తన ఆసుపత్రిలోనే చాలామంది పోయారని. ఆ నిజం ఆమెని కుదిపేసింది. దాన్ని దాచలేదు. 1858లో రంగుల చక్రం లాంటి బొమ్మ గీసి పార్లమెంటు సభ్యులకి అర్థమయ్యేలా చూపించారు. అకౌంట్స్ చదివిన నాకు ఇది ఆమె చేసిన వాటిలో పెద్ద పని అనిపిస్తుంది. లాభం చూపించడం ఎవరైనా చేస్తారు. సొంత ఖాతాలో నష్టం రాసి నలుగురికీ చూపించడం కష్టం.

మా ఆపా సంగతికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఎంత మంచి నర్సయినా చోటులో ఉన్న లోపాన్ని ఒక్క చేత్తో దిద్దలేదు. తప్పు జరిగిన ప్రతిసారీ కొత్తగా వచ్చిన మనిషి మీదికి నెట్టేస్తే, కింద ఉన్న మురుగు అలాగే ఉండిపోతుంది.

నెలకో పట్టిక

యుద్ధ సమయంలో ఆమె పేరున జనం ఇచ్చిన విరాళాలు సుమారు 45,000 పౌండ్లు అయ్యాయి. ఆ డబ్బుతో 1860 జూన్‌లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల తెరిచారు. మొదటి బ్యాచ్ 15 మంది. శిక్షణ ఒక ఏడాది. రోజువారీ నేర్పే పని మేట్రన్ మిసెస్ వార్డ్‌రోపర్‌ది. ఆమె ఏ పాఠశాలలోనూ చదవలేదు, భర్త పోయాక ఆసుపత్రి పనిలోకి వచ్చి చేస్తూ నేర్చుకున్నారు.

ప్రతి నెలా ఒక్కొక్కరికీ ఒక పట్టిక నింపేవారు. వేళకి రావడం, నమ్మకం, శుభ్రత, మాటతీరు ఒక వైపు. గాయానికి కట్టు, రోగిని పక్కకి తిప్పడం, పథ్యం వండడం, గాలి ఆడేలా చూడడం, రోగిలో మార్పుని గమనించి డాక్టర్‌కి చెప్పడం ఇంకో వైపు. ఒక్కోదానికి ఒక్కో గ్రేడు. అలా విడివిడిగా రాసినప్పుడే ఏది వచ్చో ఏది రాదో తెలుస్తుంది. మొత్తంగా అనుభవం ఉంది, లేదు అని ఒక్క మాట రాస్తే ఏమీ తెలీదు.

ఇక్కడ తయారైన నర్సులు వేరే చోట్లకి వెళ్లినప్పుడు మళ్లీ అదే చిక్కు. 1865లో ఆగ్నెస్ జోన్స్ అనే నర్సు 12 మందితో లివర్‌పూల్‌లోని పేదల ఆసుపత్రికి వెళ్లారు. శిక్షణ ఉన్నవాళ్లే. అయినా అక్కడి జనం, అక్కడి మురికి, అక్కడి అధికారులు వేరు. అక్కడి పేదరాళ్లకే పని నేర్పి నర్సులుగా చేద్దామన్న ఆలోచన పెద్దగా ఫలించలేదు. ఆగ్నెస్ 1868లో టైఫస్ జ్వరంతో 35 ఏళ్లకే చనిపోయారు. నైటింగేల్ ఆ దుఃఖంలో ఆమె గురించి రాశారు. 1872 నుంచి తన పాఠశాల నర్సులకి తరచూ ఉత్తరాలు రాసేవారు. నేర్చుకోవడం ఆపేసిన రోజు నర్సు వెనక్కి పోతున్నట్టేనని వాటిలో మళ్లీ మళ్లీ చెప్పారు.

మన వైపు

నైటింగేల్ ఇండియాకి ఎన్నడూ రాలేదు. కానీ మన గురించి ఆమె రాసినంతగా రాసిన ఇంగ్లీషువాళ్లు తక్కువ. ఇక్కడి సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నల పత్రాలు పంపి తెప్పించుకున్న సమాధానాలతో 1863లో పెద్ద నివేదిక వచ్చింది. ఇక్కడ బ్రిటిష్ సైనికులు ఏడాదికి వెయ్యికి 69 మంది చొప్పున చనిపోతున్నారని అది తేల్చింది. నీళ్లు, మురుగు, ఇరుకు బారక్స్, అదే స్కుటారి కథ. 1865లో ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సింగ్ ఎలా ఉండాలో సూచనలు పంపారు. ధాత కరువు రోజుల్లో రైతుల కోసం కలం పట్టారు. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌తో సాగునీటి గురించి ఉత్తరాలు నడిపారు.

అప్పటికి మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. 1888లో క్యాథరిన్ లోక్ నాయకత్వంలో పదిమంది అనుభవం ఉన్న నర్సులు ఇంగ్లండ్ నుంచి బొంబాయిలో దిగి, రావల్పిండి, బెంగళూరు సైనిక ఆసుపత్రులకి వెళ్లారు. ఎండ కొత్త, భాష కొత్త, చేతికింద ఉన్న సైనిక సహాయకులు కొత్త. వాళ్లు రోగులను చూస్తూనే ఆ సహాయకులకి పని నేర్పాలి, తాము ఈ దేశాన్ని నేర్చుకోవాలి.

విజయనగరంలో ఘోషాసుపత్రి ఎక్కడంటే ఏ ఆటో అతనైనా తీసుకెళ్తాడు. ఘోషా అంటే పర్దాయే. మగ డాక్టర్ ముందుకి రాని ఆడవాళ్ల కోసం ఆ రోజుల్లో అలాంటి ఆసుపత్రులు వెలిశాయి. అలాంటి చోట ఎంత చదివిన నర్సయినా, తలుపు దగ్గర ఎలా పిలవాలో, ఎవరిని అడిగి తెర తియ్యాలో ఆ ఊరి ఆడవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. పుస్తకంలో ఉండని పాఠం అది.

క్రిమియాలో వచ్చిన జబ్బుతో నైటింగేల్ చాలా ఏళ్లు మంచం దగ్గరే ఉండిపోయారు. పనంతా అక్కడి నుంచే ఉత్తరాల మీద నడిచింది. 1907లో బ్రిటన్ ఇచ్చే ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న మొదటి స్త్రీ ఆమె. 1910 ఆగస్టు 13న 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రాజుల పక్కన వెస్ట్‌మినిస్టర్ అబీలో సమాధి ఇస్తామన్నా కుటుంబం వద్దంది. సొంత ఊరి దగ్గర ఈస్ట్ వెల్లోలో ఉన్న ఆ రాతి మీద ఆమె పూర్తి పేరు కూడా లేదు, రెండు అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ అంతే.

ఈ సంగతులన్నీ ఆపాకి చెప్పాను. ఆమె పెద్దగా ఏమీ అనలేదు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో ఆమే సీనియర్. ఎన్నేళ్ల అనుభవంతో వచ్చినా సరే, కొత్త సిస్టర్ చేరితే మొదటి రోజు డ్యూటీ వెయ్యనివ్వదు. వెంట తీసుకుని తిరుగుతుంది. ఆక్సిజన్ తాళం ఇక్కడ, ఎమర్జెన్సీ ట్రాలీ ఇక్కడ, రాత్రి ఈ నంబర్‌కి చెయ్యాలి, ఈ డాక్టర్‌గారి రాత ఇలా ఉంటుంది, మందు పేరు అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగాలి అని చూపిస్తుంది. తర్వాత ఆ సిస్టర్‌కి ఏం బాగా వచ్చో అడిగి, అది తను నేర్చుకుంటుంది. మొన్న వచ్చిన సిస్టర్ పదిహేనేళ్లు పిల్లల వార్డులో చేసి వచ్చిందట. పసిపిల్లలకి సూది పెట్టే చోటు వెతకడంలో ఆమె చెయ్యి తన కంటే మేలని ఆపా సంతోషంగా చెప్పింది.

మీ ఇంట్లో, మీ బంధువుల్లో నర్సులు ఉంటే, కొత్త ఆసుపత్రిలో చేరే రోజు ఒక మాట చెప్పండి. ఇక్కడ ఏది ఎక్కడుంటుందో ముందు చూపించండి అని అడగడం చిన్నతనం కాదు. అడిగినవాళ్లకి చూపించడం అక్కడున్నవాళ్ల బాధ్యత. మధ్యలో మంచం మీద ఉన్నది ఎవరో ఒకరి అబ్బాజాన్.